ఎర్ర ప్రైమరుకు బొట్టు పెట్టిన ఇల్లు

బీరంగూడ యాదన్నది తుప్పు గోకే పని. ఈ ముక్క ఆయన నోటి వెంట విన్నవాడు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కడు కూడా లేడు. పటాన్‌చెరు నుంచి వచ్చే బస్సులో కొత్త మనిషి ఎవరైనా పక్కన కూర్చుని "ఏం కొలువు అన్నా?" అని అడిగాడో, ఇక వాడి పని అయిపోయినట్టే. యాదన్న ముందు మీసం సవరించుకునేవాడు. తరవాత కిటికీలోంచి కరెంటు స్తంభం వైపు వేలు చూపించేవాడు.

"గా తీగల ఉరుకుతున్నదే కరెంటు, గది నేను పుట్టిస్త."

కొత్త మనిషి నోరు తెరిచేవాడు. ఆ తరవాత యాదన్న వాదం చాలా తేటగా సాగేది. ఊరి పక్కనే పెట్టిన పెద్ద సర్కారు కార్ఖానాలో కరెంటు పుట్టించే యంత్రాలు తయారవుతాయి. వాటి ఇనుప భాగాలు రంగుల షెడ్డుకు వచ్చేసరికి ఒళ్ళంతా తుప్పు. ఆ తుప్పును తీగల బ్రష్షుతో, గరుకు కాగితంతో రుద్ది వదిలించేది యాదన్న. తుప్పు పోకపోతే ప్రైమరు పట్టదు. ప్రైమరు పట్టకపోతే పైరంగు నిలవదు. రంగు లేని యంత్రం గేటు దాటదు. గేటు దాటని యంత్రం కరెంటు ఇవ్వదు. "మరి కరెంటు ఎవలు పుట్టిచ్చినట్టు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా దిగిపోయేవాడు. అప్పటికి బీరంగూడ స్టేజీ వచ్చేసి ఉండేది.

యాదన్న రుద్దిన ఇనుము గురించి ఆయనే చెప్పిన సంగతులు ఇంకా ఉన్నాయి. ఒకసారి ఆయన రుద్ది పెట్టిన ఇనుప డొప్ప అద్దంలా మెరిసిందట. దాని ముందు వాలిన కాకి లోపల తన జోడు ఉందనుకుని పుల్లలు తెచ్చి గూడు కట్టడం మొదలుపెట్టిందట. ఇంకోసారి గేటు కాపలావాడు అందులో తన మొహం తనే చూసుకుని, ఎవరో బయటి మనిషి లోపలికి చొరబడ్డాడని పాసు అడిగాడట. చూపించలేదని పై అధికారికి ఫిర్యాదు కూడా చేశాడట. ఇవి అబద్ధాలని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఆ కాకిని గానీ ఆ కాపలావాణ్ణి గానీ మళ్ళీ ఎవరూ చూడలేదు.

నాన్న నాటి జొన్న చేను కార్ఖానా గోడ లోపలికి పోతే, దానికి బదులుగా వచ్చింది ఈ కొలువు. అరక పట్టిన చేతుల్లోకి తీగల బ్రష్షు వచ్చి చాలా ఏళ్ళయింది. యాదన్నకు కొలువు మీద కోపం లేదు. ఉన్నదల్లా ఒక్క కోరిక. రంగుల షెడ్డులో రాజు ఎవరంటే స్ప్రే గన్ను పట్టినవాడు. గొట్టంలోంచి గాలి బుస్సుమంటుంటే, మూతికి గుడ్డ కట్టుకుని, దొరలా నిలబడి ఒక్క వేలు నొక్కితే చాలు. ఇనుము రంగు మారిపోతుంది. గోకేవాడి గోళ్ళలో తుప్పు ఉంటుంది. గన్నువాడి గోళ్ళలో ఇంద్రధనుస్సు ఉంటుంది. ఈ పోలిక కూడా యాదన్నదే.

డెబ్బయ్యవ దశకం మొదట్లో ఒక ఎండాకాలం, షెడ్డుకు కొత్త గన్ను వచ్చింది. పట్టడానికి మనిషి కావాలి. షెడ్డు చార్జిమన్ భీమశంకరం కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తెల్ల చొక్కా వేసుకుని రంగుల మధ్య తిరిగి, సాయంత్రం అదే తెలుపుతో ఇంటికి వెళ్ళగల మొనగాడు. ఆయన కళ్ళు ఇద్దరు గోకేవాళ్ళ మీద పడ్డాయి. ఒకడు యాదన్న. రెండోవాడు హత్నూర నుంచి వచ్చి కిరాయికి ఉంటున్న చిన్నరాములు. చిన్నరాములు తక్కువ మాట్లాడి ఎక్కువ తినేవాడు.

టీ వేళ అందరి ముందూ యాదన్న గన్ను సంగతి ఎత్తాడు. "సార్, నా కొత్త ఇల్లు తయారైతున్నది. ముంగటి అర్రకు నా చేతులతోని రంగు ఏస్తున్న. గా గోడల చూసుకుంట మీరు గడ్డం గీసుకోవచ్చు. అద్దం కొనే పని లేదు."

"కాకి వస్తే?" అన్నాడు చిన్నరాములు, బన్ను నములుతూ.

"కాకి వస్తే కాకి కూడ గీసుకుంటది."

షెడ్డంతా నవ్వింది. భీమశంకరం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "అయితే ఒక పని చేద్దాం యాదన్నా" అన్నాడు. "నీ గృహప్రవేశానికి నేనూ మా ఆవిడా వస్తాం. గోడ చూస్తాను. బాగుంటే గన్ను నీది. బాగాలేకపోతే చిన్నరాములుది. ఇక దీని మీద నువ్వు ఎన్ని కథలు చెప్పినా నేను వినను."

ఆ రోజు యాదన్న బస్సు ఎక్కలేదు. ఉబ్బిన ఛాతీకి బస్సులో అంత చోటు ఉండదనిపించి, రోడ్డు వెంట నడిచి వచ్చాడు.

ఇంట్లో భార్య నర్సింహమ్మ ఉంది. కొత్త ఇల్లంటే పాత మట్టి ఇంటి పక్కనే కట్టిన స్లాబు ఇల్లు. ముందు గది, లోపలి గది, వంటగది. గోడల గచ్చు పని అయిపోయింది, రంగు ఒక్కటే మిగిలింది. ఆ రంగు దగ్గరే మొగుడూ పెళ్ళాలు పది రోజులుగా కుస్తీ పడుతున్నారు.

నర్సింహమ్మ మాట సూటిగా ఉంది. "గోడకు సున్నం. కింద నడుము ఎత్తు దాంక జాజు. జాజు మీద ముగ్గు. మా అమ్మ ఇల్లు గట్లనే ఉండె, మీ అమ్మ ఇల్లు గట్లనే ఉండె. ఇంకేం గావాలె?"

జాజు అంటే ఆ ఊళ్ళలో తెలియనివాళ్ళు ఉండరు. ఎర్రమట్టిని నీళ్ళలో నానబెట్టి గుడ్డతో గోడ అడుగున పూస్తారు. ఎరుపు మీద తెల్ల ముగ్గు పెడితే ఇంటికి బొట్టు పెట్టినంత కళ. ఒక్కటే చిక్కు. జాజు గోడకు ఆనుకున్నవాడి వీపు చూస్తే వాడు ఏ ఇంట్లో కూర్చుని వచ్చాడో ఊరంతటికీ తెలిసిపోతుంది.

"కార్ఖానా మనిషి ఇల్లు ఇది" అన్నాడు యాదన్న. "అన్ని అర్రలకు నూనె రంగే. మెరవాలె."

"వంటింటికి సుత? కట్టెల పొయ్యి పొగ నీ అయ్య పీలుస్తడా?"

"అందుకే గదనే నూనె రంగు! పొగ పట్టిందనుకో, తడి గుడ్డతోని తుడిస్తే పోతది."

"రోజు గోడకు తానం పోసుకుంట కూసుంటే నీకు బువ్వ ఎవలు వండుతరు? సున్నమైతే పండుగకు ఒక్కసారి ఏస్కుంటం, తెల్లగైతది. వంటిల్లు నాది. దాని దిక్కు చూడకు."

వంటిల్లు సున్నానికి పోయింది. లోపలి గది దగ్గర యాదన్న కాస్త దిగివచ్చి డిస్టెంపరు అన్నాడు. నర్సింహమ్మ అదేమిటని అడిగింది. పొడి రంగు, వేడి నీళ్ళలో నానబెట్టి జిగురు కలిపి వేస్తారని చెప్పాడు. "ఏయ్, నీళ్ళల్ల కలిపేదే గద! సున్నమే పట్నం పోయి పేరు మార్చుకున్నది" అని తీర్పు చెప్పి ఒప్పుకుంది. లేత నీలం వేశారు. చూసి మెచ్చుకుంది కూడా, గోడ వైపు తిరిగి, మొగుడికి వినపడకుండా.

ముందు గదీ తలుపులూ యాదన్న వాటాకు వచ్చాయి. చిలకపచ్చ నూనె రంగు. అద్దం లాంటి మెరుపు. భీమశంకరం సారు గడ్డం. స్ప్రే గన్ను. ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి ఆయన కళ్ళ ముందు నడిచి వెళ్ళేవి.

సంగారెడ్డి బజారులో రంగుల దుకాణం సోమయ్య మంచివాడు. చిలకపచ్చ డబ్బా దించి, తుడిచి, "కింద ప్రైమరు గావాలె గద. గోడకా, కట్టెకా, ఇనుముకా? గోడకైతే తెల్ల..." అని ఇంకా ఏదో చెప్పబోయాడు.

యాదన్నకు తల కొట్టేసినట్టయింది. "ఆగు సేటూ. నేను ఎవలో ఎరుకేనా? రంగుల షెడ్డుల పని నాది. ప్రైమరు అంటే ఏందో నాకు జెప్తవా? కరెంటు పుట్టిచ్చే యంత్రానికి ఏసేది ఏసెటోన్ని, నా గోడకు ఏం ఏయాల్నో నాకు తెల్వదా? ఎర్రది ఇయ్యి."

"ఎర్రది ఇనుముకు..."

"ఇనుమును ఆపేది గోడను ఆపదా? గోడ ఏమన్న ఇనుముకన్న గట్టిదా?"

బేరానికి వచ్చిన మనిషికి పాఠం చెప్పి పోగొట్టుకోవడం ఎందుకు? సోమయ్య ఎర్ర రెడాక్సైడు డబ్బా దించాడు. నిజం చెప్పాలంటే యాదన్నకు పుట్టి బుద్ధెరిగాక ప్రైమరు అనేది ఎర్రగా తప్ప ఇంకో రంగులో ఉంటుందని తెలియదు. షెడ్డులో ఎన్ని వేల ఇనుప ముక్కలు చూశాడో, అన్నిటికీ అడుగున అదే ఎరుపు. చెట్టు ఆకు పచ్చగా ఉన్నట్టే ప్రైమరు ఎర్రగా ఉంటుందని ఆయన లెక్క.

రంగు వేసే ముందు గోడను సిద్ధం చేయాలి. సిద్ధం చేయడమంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, గోకడం. తీగల బ్రష్షు తీసుకుని కొత్త గచ్చు మీద పడ్డాడు. తరవాత గరుకు కాగితం. సుద్దపొడి, వార్నీషు కలిపి ముద్ద చేసిన లప్పంతో గుంటలు పూడ్చి మళ్ళీ గరుకు కాగితం. ముందు గదిలోంచి లేచిన తెల్ల దుమ్ము బీరంగూడ గుట్ట ఎక్కి దిగిందని ఊళ్ళో చెప్పుకున్నారు. నర్సింహమ్మ చెయ్యి వేసి చూసి, "గోడ అరిగిపోయి అవతల మల్లయ్య పటేలు దొడ్డి కనవడుతున్నది, ఇగ ఆపు" అని అరిచింది. ఆ నునుపు మీద ఈగ వాలితే జారి కింద పడిందట. పడి, లేచి, సిగ్గుపడి, మెట్ల మీదుగా నడిచి వెళ్ళిందట.

ఆదివారం ఎర్ర ప్రైమరు వేశాడు. గోడలు నాలుగూ, తలుపులు రెండూ. మూలల్లో, కిటికీ గూటి కింద, తలుపు వెనక, ఎవరూ తొంగి చూడని చోట కూడా బ్రష్షు వంచి వంచి తిప్పాడు. ఒక్క చోట కారనివ్వలేదు, ఒక్క చోట వదల్లేదు. సాయంత్రానికి గది నిండా మెరుపు లేని నిండు ఎరుపు. రాత్రంతా ఆరనిచ్చి, సోమవారం షిఫ్టు నుంచి రాగానే చిలకపచ్చ మొదలుపెట్టాలని నిర్ణయం. పాలు పొంగించేది బుధవారం.

సోమవారం పొద్దున ఆయన కార్ఖానాకు వెళ్ళాడు. కాసేపటికి బొంతపల్లి నుంచి ఆయన అక్క మొగులమ్మ వచ్చింది. ఇంటి ఆడబిడ్డ. ఆమె లేకుండా ఆ ఇంట్లో ఏ శుభకార్యమూ మొదలు కాదు, ఆమె వచ్చాక ఏదీ ఆమె చెప్పకుండా ఆగదు. కొత్త ఇంటి గడప దాటి ముందు గదిలోకి చూసి చేతిలోని మూట కింద పడేసింది.

"ఓ నర్సీ! ఎవలు పూసిన్రే గింత జాజు?"

వంటింట్లోంచి వచ్చిన నర్సింహమ్మ కూడా అప్పుడే వెలుతురులో ఆ గోడలు సరిగ్గా చూసింది. తెల్లబోయింది. మొగుడు చిలకపచ్చ అనీ అద్దం అనీ అంత గోల చేసి, చివరికి పెళ్ళాం మాటే నెగ్గించాడు! పైగా నడుము ఎత్తు దాకా కాదు, కప్పు దాకా! ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ తమ్ముడే, వదినె. నాతోని ఒక్క మాట అనలె. పైకి ఒర్రుడే గని లోపల గింత మనసున్నదని నాకేం ఎరుక?"

"మా అయ్య పోలికనే వానిది" అని మొగులమ్మ ముక్కు చీదింది. "మరి జాజు ఒట్టిగ ఉంటదా? ముగ్గు గిన్నె తే."

ఇద్దరే సరిపోలేదు. పక్కింటి ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళ పక్కింటివాళ్ళూ వచ్చారు. సున్నపు నీళ్ళలో గుడ్డ ముంచి గోడ నిండా ముగ్గులు పరిచారు. చుక్కలు, తీగలు, నెమళ్ళు, తాబేళ్ళు. ఎవరికి ఏది చేతనైతే అది. మొగులమ్మ నిచ్చెన ఎక్కి కప్పు కింద వరసగా తామర పూలు వేసింది. అంతా అయ్యాక గోడకు గోడకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, తలుపు మీద వేపమండ గుచ్చి, హారతి ఇచ్చారు.

సాయంత్రం యాదన్న కొత్త బ్రష్షు చంకలో పెట్టుకుని, ఈల వేస్తూ వచ్చాడు. గడప దగ్గర ఈల ఆగింది. ఆయనకు ముందు తట్టింది, ఇది తన ఇల్లు కాదని. వెనక్కి వెళ్ళి వీధి చూసుకుని మళ్ళీ వచ్చాడు.

"ఏందే ఇది?"

"నీ జాజుకు మా ముగ్గు" అంది నర్సింహమ్మ, కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుని.

"జాజు ఎక్కడిదే! అది ప్రైమరు! దాని మీద చిలకపచ్చ ఏయాలె!"

నర్సింహమ్మ తల ఎత్తింది. కొత్త పెళ్ళికూతురు ఎక్కడికో పోయింది. "అంటే నా కోసం పూయలేదా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా ఆ పూట అన్నం దొరకదని యాదన్నకు తెలుసు. కాబట్టి అక్కవైపు తిరిగాడు. "అక్కా, నువ్వన్న చెప్పు. జెర తుడిచేసి..."

మొగులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏమంటివి? బొట్టు పెట్టిన గోడను తుడుస్తవా? హారతి ఇచ్చిన గోడ మీద పచ్చ రంగు ఏస్తవా? అది ఇప్పుడు ఒట్టి గోడ గాదు తమ్మీ, ఇంటి ఆడిబిడ్డ. తుడిచి చూడు, నీ ఇంట్ల నేను మంచినీళ్ళు ముట్టుకుంటె ఒట్టు."

"అక్కా, బుధవారం మా సారు వస్తున్నడు. గోడ మెరవకపోతే నాకు గన్ను రాదు. మళ్ళ గోకుడే నాకు."

"సారు రానీ. బొట్టు వెట్టి కూసోవెడ్త."

యాదన్న రాత్రి చాప మీద అటూ ఇటూ దొర్లాడు. తెల్లారి మళ్ళీ బతిమాలాడు. కనీసం తలుపులన్నా అన్నాడు. తలుపుకే ముందు బొట్టు పెట్టామన్నారు. కప్పు కింద ఒక జానెడు అంచన్నా అన్నాడు. అక్కడ తామర పూలున్నాయన్నారు. చిలకపచ్చ డబ్బా మూత తీసి మురగబెట్టుకోవాలా అని అరిస్తే, మొగులమ్మ ఆలోచించి, బొంతపల్లి నుంచి తోలుకొచ్చిన తన బర్రెను చూపించింది.

ఆ విధంగా, అద్దంలా మెరవాల్సిన చిలకపచ్చ బర్రె కొమ్ములకు పోయింది. ఎంత మెరిశాయంటే, చెరువు గట్టున ఆ బర్రె తల ఊపితే గుట్ట మీది మేకలకు కళ్ళు జిగేలుమన్నాయి. మిగతా బర్రెలు దాని వెంట వరస కట్టాయి. పాలు కూడా రెండు చెంబులు ఎక్కువే ఇచ్చిందని మొగులమ్మ చెప్పింది. తమ్ముడి కన్నా ఆమె తక్కువేమీ కాదు.

బుధవారం పాలు పొంగాయి. యాదన్న మొహం మాత్రం పొంగలేదు. షెడ్డు మనుషులు వచ్చారు, వాళ్ళ వెనక చిన్నరాములు, విందు కోసం నడుముకు తువాలు వదులుగా కట్టుకుని. ఆఖరున భీమశంకరం, ఆయన భార్య వెంకటలక్ష్మి. ఆయన ఎప్పటిలాగే తెల్ల చొక్కా. ఆమె గంజి పెట్టిన మీగడ రంగు చీర.

ఊరివాళ్ళంతా ముందు గది నడిమధ్యలో ముద్దగా కూర్చున్నారు. జాజు గోడకు ఆనుకోకూడదని పుట్టినప్పటి నుంచి తెలిసినవాళ్ళు. వెంకటలక్ష్మికి ఆ సంగతి తెలియదు. ఎండలో నడిచి వచ్చిన అలసటతో నేరుగా వెళ్ళి గోడకు జారగిలబడింది.

"అయ్యో చీర!" అని ఇంటెడు ఆడవాళ్ళు ఒక్క గొంతుతో అరిచారు. మొగులమ్మ ఉరికి వచ్చి ఆమెను పట్టి వెనక్కి తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది. వీపు మీద ముగ్గు సున్నం కాస్త అంటింది, అంతే. ఎరుపు చుక్కంత లేదు.

మొగులమ్మ అరచేతితో గోడ రుద్దింది. చెయ్యి చూసుకుంది. తెల్లగా ఉంది. ఉమ్మి తడి చేసి రుద్దింది. రాలేదు.

"అంటని జాజు!" అంది.

ఇక ఆగేదేముంది? ముద్దగా కూర్చున్నవాళ్ళంతా లేచారు. ముసలివాళ్ళు వీపులు ఆనించి అటూ ఇటూ రాశారు, దురద కూడా తీరుతుందని. ఆడవాళ్ళు చెంపలు ఆనించారు. ఒకాయన తలపాగా విప్పి తుడిచి చూసి, పక్కవాడి తలపాగాతో మళ్ళీ తుడిచాడు. గది గిరగిరా తిరుగుతున్నట్టుంది.

ఆ గోలలో యాదన్నకు ప్రాణం లేచి వచ్చింది. "ఏమనుకున్నరు మరి? అసలు సిసలు కార్ఖానా జాజు! అమెరికావోళ్ళు అడిగితే సుత ఇయ్యలే. వాన పడ్డా పోదు, పిడుగు పడ్డా పోదు. ఇంకా ఎక్కువ మాట్లాడితే ఇల్లు పడ్డా ఇది నిలవడ్తది, గోడ లేకుంట ఒట్టి రంగే!"

"సార్" అన్నాడు చిన్నరాములు, నోట్లోని లడ్డూ పక్కకు నెట్టి. "అది ప్రైమరు. మన షెడ్డుల ఏసే ఎర్ర ప్రైమరే. పైకోటు ఏయలే."

అందరూ భీమశంకరం వైపు చూశారు. ఆయన లేచి తలుపు మూయమన్నాడు. కిటికీ ఒక రెక్క మాత్రం తెరిచి ఉంచాడు. గోడ పక్కగా వచ్చే ఆ వెలుతురులో, చెంప గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. ముగ్గుల సందుల్లోంచి చూశాడు. వంగి కిటికీ గూటి కింద చూశాడు. తలుపు వెనకకు దూరి చాలాసేపు రాలేదు.

భీమశంకరం బయటికి వచ్చాడు.

"ఏమిటయ్యా ఇది యాదన్నా? ఇనుముకు వేసేది తెచ్చి గోడకు కొట్టావు. కొత్త గచ్చులో ఇంకా తడి ఉంది, సున్నం ఘాటు ఉంది. రెండు వానలు పడనీ, ఇది పొట్టు పొట్టుగా లేస్తుంది. గోడకు తెల్ల ప్రైమరు ఉంటుందని నీకెవరూ చెప్పలేదూ?"

సోమయ్య చెప్పబోయిన సంగతి యాదన్నకు అప్పుడు గుర్తుకొచ్చింది. వచ్చినదాన్ని గట్టిగా మింగేశాడు.

"గడ్డం గీసుకునే అద్దం ఏదీ?"

"బర్రె కొమ్ములకు పోయింది సార్."

భీమశంకరానికి ఇది అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. "పైకోటే లేని గోడ చూసి నీకు గన్ను ఎలా ఇవ్వమంటావు?"

యాదన్న మొదటిసారి కథ చెప్పలేదు. నర్సింహమ్మ ముందుకు వచ్చింది.

"సార్, తప్పు ఆయినది గాదు. జాజనుకొని ముగ్గులు వెట్టింది మేము. ఆయిన ఒర్రుతనే ఉన్నడు. కొలువుల గోకీ గోకీ ఇంటికొచ్చి మళ్ళ గోకిండు. నిద్రల సుత దుప్పటి గోకిండు సార్. గా గన్ను ఏందో ఇచ్చెయ్యిన్రి, నా దుప్పటన్న మిగులుతది."

వెంకటలక్ష్మి పకపకా నవ్వింది. "ఏమండీ, మన క్వార్టర్సులో సున్నం గోడకు ఆనుకుని నా చీరలన్నీ తెల్లబడ్డాయి. ఇతనికి గన్ను ఇవ్వకపోతే ఇతన్నే మన ఇంటికి పిలిచి గోడలు రుద్దిస్తాను. అప్పుడు గోడలు అరిగిపోయి మీరూ నేనూ వీధిలో ఉండాలి."

భీమశంకరం మూతి బిగించాడు. ఆపుకోవాలని చూశాడు గానీ భుజాలు కదిలిపోయాయి. నవ్వు ఆగాక చెయ్యి ఊపాడు.

"సరే విను. పైకోటు వేసేవాడు అందరూ చూస్తారని ఎలాగైనా బాగానే వేస్తాడు. అడుగుకోటు దగ్గరికి వచ్చేసరికే మన షెడ్డులో అందరికీ తొందర. ఎలాగూ కప్పేస్తాం కదా అని వదిలేస్తారు. నువ్వు తలుపు వెనక కూడా వదల్లేదు. గన్ను నీది. కానీ దాంట్లోంచి ఎరుపు తప్ప ఇంకో రంగు రాకూడదు. ఆకుపచ్చ కాదు, బూడిద రంగు కాదు. నేను చెప్పిందాకా ప్రైమరు ఒక్కటే."

"ఎర్రదే గావాలె సార్ నాకు!" అని యాదన్న ఎగిరి గంతేశాడు. "పైరంగు అంటే ఏంది సార్, అంగీ! ప్రైమరంటే మనిషి!" చిన్నరాములు రెండో లడ్డూ అందుకున్నాడు. ఆ రోజు దుఃఖం తీరే వరకు ఆయన లడ్డూలు తిన్నాడు. దుఃఖం బాగా పెద్దదే.

మర్నాడు పొద్దున యాదన్న చేతికి గన్ను వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకున్నాడు. ఎదురుగా యంత్రం ఇనుప డొప్ప, మనిషి దూరేంత బోలుగా ఉంది. బోలు లోపల దూరం నుంచి కొట్టాలి, తల లోపలికి పెట్టకూడదని భీమశంకరం చెప్పాడు. చెప్పి అటు తిరిగాడు. మూల మూలకూ చూడాలన్న ఆత్రంలో యాదన్న తలా భుజాలూ లోపలికి దూర్చి, గన్ను నొక్కాడు. లోపలికి వెళ్ళిన రంగుకు పోవడానికి దారి లేదు. అదే వేగంతో తిరిగి వచ్చింది. ఆయన బయటికి వచ్చేసరికి జుట్టు, మీసం, చెవులు, చొక్కా, పంచె అన్నీ ఒకే తీరుగా, ఎక్కడా కారకుండా, నిండు ఎరుపు.

"కిరసనాయిలు తెచ్చి కడగండ్రా" అన్నాడు భీమశంకరం.

"వద్దు సార్" అన్నాడు యాదన్న. "ఊరు సూడాలె."

షిఫ్టు దిగి అలాగే బస్సు ఎక్కాడు. కండక్టరు టికెట్టు ఇవ్వడానికి భయపడ్డాడు. పక్క సీటువాడు ఏం కొలువని అడగలేదు, అడగక్కర్లేదని యాదన్నే చెప్పడం మొదలుపెట్టాడు. బీరంగూడలో దిగి, వీధి మధ్యలో నడిచి, ఇంటికి వచ్చి ముందు గదిలో గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు, నర్సింహమ్మ వచ్చి చూడాలని.

నర్సింహమ్మ నీళ్ళ చెంబుతో వచ్చింది. గది అంతా చూసింది. "చెప్పుల సప్పుడు ఇనవడ్డది, మనిషి ఏడ వోయిండు?"

"ఈడనే ఉన్న" అంది గోడ.

చెంబులో నీళ్ళు సగం ఒలికాయి. మళ్ళీ చూసింది. ఒక తామర పువ్వుకూ ఒక తాబేలుకూ మధ్య రెండు కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి కింద తెల్లగా పళ్ళు.

"చూసినవానే? ఒక్క వేలు నొక్కిన. ఒక్కటే వేలు! యంత్రం దానంతట అదే తిరుగుడు మొదలువెట్టింది. కరెంటు ఎక్కువై కాకినాడల బల్బులు పగిలినయంట, సారుకు టెలిగ్రాం వచ్చింది..."

నర్సింహమ్మ చెంబు కింద పెట్టి, చీర కొంగు నడుముకు దోపింది. "ఓ గోడా, నీళ్ళు తాగు. తాగి, కొట్టంల బర్రె పెండ ఉన్నది, జల్దీ ఎత్తిపో. వదినె వచ్చే యాళ్ళయింది."

"గన్ను పట్టిన చేతులతోని పెండ ఎత్తాల్నా?"

"నీ చేతులు నాకు కనవడుతనే లేవు. ఎవలు ఎత్తితే ఏంది?"

గోడలోని పళ్ళు ఇంకా వెడల్పయ్యాయి. నవ్వడానికి కళ్ళు మూసుకుంటే యాదన్న ఇంకాస్త మాయమయ్యాడు. ఇక పళ్ళు ఒక్కటే మిగిలాయి, అవి పెండ తట్ట కోసం తలుపు వైపు నడుచుకుంటూ వెళ్ళాయి.